పెన్‌డ్రైవ్ పెట్టగానే ఇంకో నకలు: మన హాస్టల్‌కు కావలసిన ఏర్పాటు

మన హాస్టల్లో ఎవరి ఫైలైనా పోయిందంటే ముందుగా వినిపించే మాట ఒకటే, "జాగ్రత్త లేదు" అని. కాలేజీలో గైడ్లు అంటారు, ఇంటికి వెళితే చుట్టాలు అంటారు, చివరికి పక్క మంచం దోస్తు కూడా అదే అంటాడు. ఈ మాటతో నాకు పేచీ ఉంది. ఆ పేచీ గురించే ఈ వ్యాసం.

మిత్రులారా! ఇంట్లో ఒక ల్యాప్‌టాప్, అన్న దగ్గర ఇంకొకటి, నాన్న ఆఫీసులో మరొకటి ఉన్నవాడికి "జాగ్రత్త" అని చెబితే అర్థం ఉంది. ఒకచోట పోతే ఇంకోచోట ఉండేలా చూసుకోవడం అతనికి చేతిలో పని. మన సంగతి వేరు. మన ప్రాజెక్టు రిపోర్టు ఒక్క పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. ఆ పెన్‌డ్రైవ్ పొద్దున కాలేజీ ల్యాబ్‌లో, మధ్యాహ్నం నెట్ సెంటర్లో, సాయంత్రం స్పైరల్ బైండింగ్ చేసే జిరాక్సు షాపులో, రాత్రి రూమ్మేట్ చేతిలో ఉంటుంది. రోజుకు నాలుగు కంప్యూటర్ల ఎంగిలి తినే ఆ వేలెడంత ముక్క మీదనే మన డిగ్రీ ఆధారపడి ఉందంటే అతిశయోక్తి కాదు. గంటకు ఇంత అని డబ్బులు కట్టి కూర్చున్న చోట, వెనక ఇద్దరు నిలబడి "అయిందా అన్నా?" అని అడుగుతుంటే, రెండో కాపీ తీసి భద్రపరచుకోవాలని ఎవరికి గుర్తుంటుంది? ఇది అజాగ్రత్త కాదు, సౌకర్యం లేకపోవడం. సౌకర్యం లేని చోట జాగ్రత్త గురించి ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా ఫైళ్ళు పోతూనే ఉంటాయి.

కాబట్టి నేను కోరేది ఇంకో ఉపన్యాసం కాదు. మన స్టడీ హాలులో ఒక కంప్యూటర్ ఉండాలి. విద్యార్థి తన పెన్‌డ్రైవ్‌ను దానికి తగిలించగానే, ఎవరూ ఏ బటనూ నొక్కకుండా, అందులోని చదువు ఫోల్డర్ మొత్తం ఆ కంప్యూటర్‌లోకి నకలు కావాలి. నకలు పూర్తి కాగానే ఒక బీప్ రావాలి. విద్యార్థి పెన్‌డ్రైవ్ తీసుకుని అన్నానికి వెళ్ళిపోవాలి. అంతే. ఇది కలలో మాట కాదు, చాలా పాత విద్య. ఎలా చేస్తారో, ఎక్కడ ప్రమాదం ఉందో తర్వాత వివరంగా రాస్తాను.

ముందు మా ఇంటి ముచ్చట ఒకటి. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. మా అవ్వ బీడీలు చేస్తుంది. నా మెమోలు, కుల ధ్రువీకరణ పత్రం, టి.సి. అన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి సందుగ అడుగున పెడుతుంది. మా ఎకరం చిల్లర భూమికి ఉన్న ఒకే ఒక ఆధారం, సాదాబైనామా కాగితం కూడా అందులోనే ఉండేది. 2020లో సాదాబైనామాల క్రమబద్ధీకరణకు ప్రభుత్వం దరఖాస్తులు పిలిచినప్పుడు బయటికి తీస్తే అది మడతల వెంట నాలుగు ముక్కలై వచ్చింది. సంతకాల దగ్గర అక్షరమే లేదు. అప్పుడు మమ్మల్ని ఆదుకున్నది మా పెద్దబాపు ఇంట్లో దొరికిన జిరాక్సు. పెద్దబాపు ముందుచూపుతో దాచింది కాదు సుమా! ఎప్పుడో బ్యాంకులో రెండు ప్రతులు అడుగుతారేమోనని తీయించాడు, వాళ్ళు ఒక్కటే తీసుకున్నారు, రెండోది గూట్లో పడి ఉండిపోయింది. మా అవ్వ అంత జాగ్రత్త చేసిన కాగితం పోయింది, ఎవరూ పట్టించుకోని కాగితం మిగిలింది. అప్పటి నుంచి నాకు జాగ్రత్త మీద నమ్మకం తగ్గి, నకళ్ళ మీద నమ్మకం పెరిగింది.

భూమి కాగితానికైనా ఎక్కడో ఒక ఆఫీసులో ఆనవాలు ఉండవచ్చు. పదవ తరగతి మెమో పోతే బోర్డు నుంచి డూప్లికేట్ తెచ్చుకోవచ్చు. 2015లో వచ్చిన డిజిలాకర్‌లో ఇప్పుడు చాలా సర్టిఫికెట్లు దొరుకుతున్నాయి, చట్ట ప్రకారం అవి అసలుతో సమానం కూడా. కానీ మనం సొంతంగా రాసినవి, సేకరించినవి, రికార్డు చేసినవి ఏ బోర్డు దగ్గర ఉంటాయి?

ఉట్నూరు వైపు మిత్రుడొకరు ఉన్నారు. పేరు రాయడం బాగుండదు. ఎం.ఎ. ప్రాజెక్టు కోసం తన ఊళ్ళో పెద్దలు పాడే దండారి పాటలు, వాళ్ళ నాయనమ్మ గోండిలో చెప్పిన పాత కథలు రెండు దీపావళి సెలవుల్లో కూర్చుని రికార్డు చేశాడు. ఫోన్‌లో జాగా చాలక పెన్‌డ్రైవ్‌లోకి మార్చాడు. ఒక నెట్ సెంటర్లో ప్రింటు కోసం పెడితే, బయటికి తీశాక అందులో ఫోల్డర్ల స్థానంలో అన్నీ షార్ట్‌కట్లే కనబడ్డాయి. తెరిస్తే ఏమీ రావు. అక్కడి అబ్బాయి చూసి "వైరస్ వచ్చింది, ఫార్మాట్ చేయాలె" అన్నాడు. చేశాడు. పాటలు పోయాయి. నాయనమ్మ అప్పటికే చనిపోయింది.

ఇందులో బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఆ రకం వైరస్ ఫైళ్ళను చెరిపేయదు. అసలు ఫోల్డర్లను కనబడకుండా దాచి, అవే పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుంది. దాచిన ఫైళ్ళను చూపించే ఒక చిన్న ఆజ్ఞ ఇస్తే అన్నీ తిరిగి కనబడతాయి. పాటలు అప్పటికి భద్రంగానే ఉన్నాయి, ఫార్మాట్ చేసిన నిమిషంలో పోయాయి. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ వ్యాసంలో ఇంకేది మరిచినా ఫరవాలేదు, ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి: షార్ట్‌కట్లు కనబడితే ఫార్మాట్ చేయనివ్వకండి. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, తెలిసినవాళ్ళ దగ్గరికి నడవండి.

గోండి పాటల మాట వచ్చింది కనుక గుంజాల సంగతి చెప్పకుండా ఉండలేను. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని ఆ గోండు పల్లెలో గోండి భాషకు ప్రత్యేకమైన లిపిలో రాసిన పాత చేతిరాత ప్రతులు ఉన్నాయి. డజను వరకు ఉంటాయి. ఆ లిపి చదవగలిగిన పెద్దలు కూడా ఏ కొద్దిమందో మిగిలారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటిని బయటి లోకానికి పరిచయం చేసింది. తర్వాత ఆ లిపికి ఫాంటు వచ్చింది, 2018 జూన్‌లో యూనికోడ్ 11వ వెర్షన్‌లో "గుంజాల గోండి" పేరుతో చోటు దొరికింది. ఒక్క ఊరి గూళ్ళలో ఉన్న అక్షరాలు ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా నిలబడగలిగే అక్షరాలయ్యాయి. ఆ ఇళ్ళల్లో ఒక్క వానకాలం కప్పు కారినా, ఒక్క చెదల పుట్ట లేచినా కథ ఎలా ఉండేదో ఆలోచించండి. మన మిత్రుడి పాటలకు ఆ అదృష్టం లేకపోయింది.

ఇక అసలు విషయానికి వద్దాం. పెన్‌డ్రైవ్ పెట్టగానే కంప్యూటర్ దానంతటదే పని చేయడం అంటే చాలామందికి భయం. ఆ భయం ఊరికే రాలేదు. ఒకప్పుడు విండోస్ కంప్యూటర్లలో ఆటోరన్ అనే సౌకర్యం ఉండేది. సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ పెట్టగానే అందులో ఏ ప్రోగ్రాం నడపమని రాసి ఉంటే దాన్ని నడపడానికి ఈ సౌకర్యం దారి తీసేది. వైరస్‌లు రాసేవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి? 2008 చివర్లో బయటపడిన కాన్‌ఫికర్ ఈ దారిలో కూడా ప్రపంచమంతా పాకింది. మన సీనియర్లలో ఆ రోజుల్లో నెట్ సెంటర్లు నడిపినవాళ్ళుంటే వాళ్ళకు బాగా గుర్తుంటుంది. 2009లో వచ్చిన విండోస్ 7లో పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్‌ను మూసేశారు. 2011 ఫిబ్రవరిలో పాత విండోస్‌లకు కూడా అప్‌డేట్ ద్వారా మూసేశారు. కనుక ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఏదో రాసి పెట్టి "పెట్టగానే నడువు" అంటే నడవదు. నడవకూడదు కూడా.

మరి మనకు కావలసింది ఎలా జరుగుతుంది? ఆజ్ఞ పెన్‌డ్రైవ్‌లో ఉండకూడదు, కంప్యూటర్‌లో ఉండాలి. ఇంటికి వచ్చిన చుట్టం "నాకు ఇది వండి పెట్టండి" అని ఆర్డర్ వేయడం వేరు, చుట్టం గడపలో కాలు పెట్టగానే ఇంటివాళ్ళు కాళ్ళకు నీళ్ళివ్వడం వేరు. మొదటిది ఆటోరన్. మనకు కావలసింది రెండోది. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్ అనే పనిమంతుడు ఉన్నాడు. ఫలానా సంఘటన జరిగితే ఫలానా పని చేయి అని అతనికి చెప్పి పెట్టవచ్చు. యూఎస్‌బీ పరికరం తగిలినప్పుడు విండోస్ తన చిట్టాలో రాసుకునే ఏర్పాటు ఉంది. మామూలుగా ఆ చిట్టా ఆపేసి ఉంటుంది, మనం ఆన్ చేసుకోవాలి. చిట్టాలో ఆ గీత పడగానే ఒక చిన్న బ్యాచ్ ఫైలు నడుస్తుంది. ఆ ఫైలులో రోబోకాపీ అనే ఆజ్ఞ రాస్తాం. 2007లో వచ్చిన విస్టా నుంచి ఇది విండోస్‌తోనే వస్తోంది, విడిగా కొననవసరం లేదు. కొత్తగా చేరిన, మారిన ఫైళ్ళను మాత్రమే కాపీ చేస్తుంది కనుక రెండోసారి నుంచి నిమిషం కూడా పట్టదు. చిట్టా గొడవ వద్దనుకుంటే, నిమిషానికోసారి "వచ్చాడా?" అని చూసే స్క్రిప్టు రాసినా సరిపోతుంది.

నా ఓటు మాత్రం లినక్స్‌కు. కారణం డబ్బు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లు ఎన్నో ఆఫీసుల్లో మూలకు చేరుతున్నాయి. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన అన్నలు, అక్కల ఆఫీసుల్లో కూడా చేరుతూ ఉండాలి. అటువంటి ఒక్కటి దొరికితే లినక్స్ వేసుకుని ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. తెలుగులో లినక్స్ తెచ్చిన "స్వేచ్ఛ" వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం వాళ్ళు హైదరాబాద్‌లోనే ఉన్నారు, నేర్చుకోవాలంటే దారి ఉంది. లినక్స్‌లో యూడెవ్ అనేది గడప దగ్గర కాపలా. ఏ పరికరం వచ్చిందో గుర్తుపట్టి లోపలివాళ్ళను తట్టి లేపుతుంది. లేచి పని చేసేది ఆర్‌సింక్. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ అనే ఇద్దరు 1996లో తయారుచేసి ఊరికే ఇచ్చిన ప్రోగ్రాం అది. ముప్పై ఏళ్ళుగా ప్రపంచమంతా వాడుతోంది. అమెరికాలో ఆపిల్ కంపెనీ 2007లో టైమ్ మెషీన్ అని పేరు పెట్టి, డిస్కు తగిలించగానే బ్యాకప్ మొదలయ్యే సౌకర్యాన్ని తన ఖరీదైన కంప్యూటర్లలో ఇచ్చింది. ఆ సుఖం మనం ఆఫీసువాళ్ళు పడేసిన డబ్బాతో పొందవచ్చు. ఇందులో నాకు కొంత కొంటె సంతోషం కూడా ఉందని ఒప్పుకుంటాను.

ఇంతవరకు విన్న ఇంజనీరింగ్ తమ్ముళ్ళు "ఓస్ ఇంతేనా, రేపే పెట్టేద్దాం" అంటారు. ఆగండి! ఇక్కడే ఒక పెద్ద విషయం ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోవన్నీ కంప్యూటర్‌లోకి లాగే ఏర్పాటుకు ఇంకో పేరు దొంగతనం. మనకు తెలియకుండా ఎక్కడైనా ఒకచోట ఇదే స్క్రిప్టు నడుస్తుంటే మన ఫోటోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు పాసుబుక్కు స్కాన్లు అన్నీ వాళ్ళ దగ్గర చేరినట్టే. యంత్రం ఒక్కటే, స్క్రిప్టు ఒక్కటే. విద్యార్థికి తెలిసి, అతను ఒప్పుకుని జరిగితే అది బ్యాకప్. తెలియకుండా జరిగితే దోపిడి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతి మీదనే నిలబడింది. అయినా చట్టం దాకా ఎందుకు? ఆడపిల్లల హాస్టల్లో ఒక చెల్లెలి ఫోటోలు అలా వేరేవాళ్ళ చేతిలో పడితే ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోతుందని మనకు తెలియదా? మనవాళ్ళ ఇళ్ళల్లో ఆడపిల్లను కాలేజీకి పంపడానికే ఎంత పంచాయితీ జరుగుతుందో మనం చూస్తున్నదే.

అందుకని మూడు కట్టుబాట్లు లేకుండా ఈ కంప్యూటర్ పెట్టనే వద్దని నా అభిప్రాయం. పేరు నమోదు చేసుకున్న పెన్‌డ్రైవ్‌కు మాత్రమే అది స్పందించాలి. ప్రతి డ్రైవ్‌కు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది కనుక ఇది సులువే, మిగతా ఏ డ్రైవ్ పెట్టినా ఊరుకోవాలి. రెండవది, పెన్‌డ్రైవ్ మొత్తం కాదు, అందులో "చదువు" అని పేరు పెట్టిన ఒక్క ఫోల్డర్‌నే తీసుకోవాలి. దాచుకోవలసినది ఏదైనా దాని బయట పెట్టుకోవచ్చు. మూడవది, ఎవరి నకలు వాళ్ళ పాస్‌వర్డ్‌తోనే తెరుచుకోవాలి. సెటప్ చేసినవాడికి గానీ, వార్డెన్ సార్‌కు గానీ, విద్యార్థి సంఘం నాయకుడికి గానీ తాళం ఉండకూడదు. నాయకులకు కోపం వస్తే రానివ్వండి. పాస్‌వర్డ్ మరిచిపోతే నకలు తెరుచుకోదు, అది మనం చెల్లించే మూల్యం. చీటీ మీద రాసి అవ్వకు ఇవ్వండి, సందుగలో పెడుతుంది.

"చదువు" ఫోల్డర్ అనడంలో ఇంకో లాభం ఉంది. సినిమాలు రావు. రెండు వందల మంది ఒక్కొక్కరు అయిదు జీబీ చొప్పున వాడినా మొత్తం వెయ్యి జీబీ, అంటే ఒక టీబీ డిస్కులో సరిపోతుంది. సినిమాలు రానిస్తే ఆ లెక్క వారంలో గోదాట్లో కలుస్తుంది. "బలగం" మన సిరిసిల్ల వేణు తీసిన సినిమాయే, నేనూ ఏడ్చాను, అయినా ఒకే డిస్కులో రెండు వందల కాపీలు అవసరం లేదు కదా!

రోబోకాపీలో గానీ ఆర్‌సింక్‌లో గానీ ఇంకో గుంట ఉంది. "అద్దంలా ఉంచు" అనే ఆజ్ఞ ఒకటి ఇవ్వవచ్చు. చాలామంది అదే ఇస్తారు, చూడటానికి శుభ్రంగా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఏముందో నకలులో అచ్చంగా అదే ఉంటుంది, అంటే పెన్‌డ్రైవ్‌లో పొరపాటున చెరిపిన ఫైలును నకలులో నుంచి కూడా చెరిపేస్తుంది! మన మిత్రుడి ఖాళీ పెన్‌డ్రైవ్‌ను అటువంటి కంప్యూటర్‌కు పెట్టి ఉంటే, భద్రంగా ఉన్న పాటలను కూడా అది తుడిచిపెట్టేది. పేరుకు బ్యాకప్, పనికి బుల్డోజర్. కనుక చేర్చడమే గానీ తీసివేయడం ఉండకూడదు. మారిన ఫైలును పాతదాని మీద రాయకుండా తేదీ వేసి పక్కన పెట్టాలి. నిన్నటి రిపోర్టు, మొన్నటి రిపోర్టు కూడా ఉండాలి. గైడ్ గారు నాలుగో అధ్యాయం మొత్తం కొట్టేసి, నెల తర్వాత "మొదట రాసిందే బాగుంది" అన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

డిస్కును ఎప్పుడూ తగిలించి ఉంచవద్దు అని కూడా చెప్పాలి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే ప్రోగ్రాం ప్రపంచమంతా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బులు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా అందులో చిక్కుకున్నాయి. అటువంటిది వచ్చిన రోజు తగిలించి ఉన్న డిస్కులకు కూడా తాళం పడుతుంది. బీరువాలో ఉన్న డిస్కు జోలికి ఏ వైరసూ పోలేదు. తగిలించగానే పని చేసే పద్ధతిలో ఉన్న సుఖం ఇదే: మిగతా వేళల్లో దాన్ని విప్పి ఉంచవచ్చు.

బ్యాకప్ ఉందని నమ్మి కూర్చోవడం ఎంత ప్రమాదమో పెద్దవాళ్ళకే అనుభవం. 1998లో అమెరికాలోని పిక్సర్ కంపెనీలో "టాయ్ స్టోరీ 2" సినిమా తీస్తుండగా ఎవరో ఒక తప్పుడు ఆజ్ఞ ఇస్తే సినిమా ఫైళ్ళలో ఎక్కువ భాగం మాయమయ్యాయి. బ్యాకప్ టేపులు తీసి చూస్తే అవి కొన్ని వారాలుగా సరిగ్గా పని చేయడం లేదు. గాలిన్ సుస్మాన్ అనే ఉద్యోగిని పసిబిడ్డ తల్లి కనుక ఇంటి నుంచి పని చేసుకోవడానికి ఇంట్లో ఒక కాపీ పెట్టుకుంది. సినిమా అలా బతికింది. మా పెద్దబాపు జిరాక్సులాగే! మనం మాత్రం నెలకొకసారి ఎవరివైనా రెండు ఫైళ్ళు, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు నకలే కాదు.

తెరుచుకోవడం అంటే గుర్తొచ్చింది. మన జిల్లాల డీటీపీ షాపుల్లో ఏళ్ళ తరబడి తెలుగు అంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో టైపు చేశారు. ఆ ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనబడదు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనబడతాయి. మన వార్షికోత్సవ సంచికలకు కూడా ఇదే గతి. ఫైలు పదిలంగా ఉంటుంది, అందులోని కవిత ఉండదు. కనుక "చదువు" ఫోల్డర్‌లో పెట్టేది యూనికోడ్‌లో ఉండాలి, కుదరకపోతే పక్కన పీడీఎఫ్ అయినా పెట్టాలి. మన సంచిక సంపాదకులు ఈ ఏటి నుంచైనా ఈ పని మొదలుపెట్టాలని వినయంగా కోరుతున్నాను.

"ఇదంతా ఎందుకు, గూగుల్ డ్రైవ్ ఉంది కదా" అని అడిగేవాళ్ళుంటారు. ఉంది, వాడండి. నేనూ వాడతాను. కానీ ఊరికే ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిలు, ఫోటోలు అన్నీ. 2021 జూన్ వరకు ఫోటోలకు లెక్క ఉండేది కాదు, ఇప్పుడు ఉంది. నిండితే కొత్త మెయిళ్ళు కూడా రావు. ఉద్యోగ పరీక్ష హాల్‌టికెట్ మెయిలు అప్పుడే రావాలా! తిర్యాణి, సిర్పూర్ వైపు ఊళ్ళ తమ్ముళ్ళను అడగండి, సెలవులకు ఇంటికెళితే సిగ్నల్ కోసం ఏ గుట్ట ఎక్కుతారో చెబుతారు. గంట నిడివి రికార్డింగు పైకి ఎక్కించాలంటే రోజు డేటా అయిపోతుంది. క్లౌడ్ మూడో నకలుగా మంచిది. మొదటి, రెండవ నకళ్ళు మన చేతికి అందే దూరంలో ఉండాలి.

అందే దూరంలో ఉన్నవన్నీ ఒకేచోట ఉండకూడదనేది కూడా నిజమే. 2022 జులైలో గోదావరి పొంగి మంథని వీధుల్లోకి నీళ్ళు వచ్చాయి. అదే వారం కడెం ప్రాజెక్టు ఏమవుతుందోనని దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. అర్ధరాత్రి లేపి "పదండి" అంటే పిల్లలను ఎత్తుకుంటారా, కంప్యూటర్ డబ్బాను ఎత్తుకుంటారా? అందుకే నా రెండో ప్రతిపాదన. మన సంచిక కరీంనగర్ వైపు హాస్టల్ పిల్లలు, ఆదిలాబాద్ వైపు హాస్టల్ పిల్లలు కలిసి చదివేది. అక్కడొక కంప్యూటర్, ఇక్కడొక కంప్యూటర్ పెడదాం. నెలకోసారి అటు వెళ్ళేవాళ్ళ చేతికి తాళం వేసిన ఒక డిస్కు ఇచ్చి పంపుదాం, అటు నుంచి ఒకటి ఇటు వస్తుంది. ఆ డిస్కును తగిలించగానే ఆ కంప్యూటర్ కూడా అదే పద్ధతిలో దానంతటదే నకలు తీసుకుంటుంది. ఆర్.టి.సి. బస్సులో సంచిలో పోయే డిస్కుకు సిగ్నల్ అక్కర లేదు, డేటా ప్యాకూ అక్కర లేదు.

ఖర్చు గురించి. కంప్యూటర్ ఎవరైనా పాతది ఇస్తే ఉచితం. కొనవలసినవి డిస్కులు, వోల్టేజి హెచ్చుతగ్గులకు ఒక చిన్న యూపీఎస్. పూర్వ విద్యార్థుల సంఘం ప్రతి ఏటా వార్షికోత్సవానికి షామియానాకు, సౌండ్ బాక్సులకు ఎంత ఖర్చు పెడుతుందో నాకు తెలుసు. ఒక్క ఏడాది సౌండ్ కొంచెం తగ్గించుకుంటే సరిపోతుందని నా లెక్క. పెద్దలు కోపగించుకోవద్దు. వార్డెన్ సార్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. చదువు ముగించి వెళ్ళే విద్యార్థి తన నకలు తీసుకున్నాక ఏడాది ఉంచి, చెప్పి, తుడిచేయాలి. ఉంచమని అడిగినవాళ్ళవి మాత్రం ఉంచాలి.

ఉట్నూరు మిత్రుడు ఈ దీపావళికి మళ్ళీ ఊరికి వెళుతున్నాడు. పాడగలిగినవాళ్ళు ఇంకా ఇద్దరున్నారట. నాయనమ్మ చెప్పిన కథల్లో సగం వాళ్ళకూ వచ్చట. అతను తిరిగి వచ్చేసరికి స్టడీ హాలులో ఆ కంప్యూటర్ ఉండాలని నా పట్టుదల. స్క్రిప్టు రాసి, పరీక్షించి పెట్టాను, నా పెన్‌డ్రైవ్‌తో నెల రోజులుగా నడుస్తోంది. నేను జూన్ వరకు ఇక్కడే ఉంటాను. సెటప్ చేయడం, జూనియర్లలో ఇద్దరికి నేర్పడం నా పూచీ. డబ్బా ఎవరు పంపుతారో, డిస్కులు ఎవరు కొంటారో వార్షికోత్సవం రోజు భోజనాల తర్వాత కూర్చుని తేల్చుకుందాం. స్టడీ హాలులోనే ఉంటాను, పెన్‌డ్రైవ్ వెంట తెచ్చుకోండి.